రాత్రి రెండు గంటలప్పుడు పనికొచ్చే ప్రోటోకాల్

చెల్లెమ్మా, మిగతావాళ్ళు కూడా చదువుతారు కాబట్టి నీ ప్రశ్న ముందు రెండు ముక్కల్లో చెప్తాను. బెంగళూరులో ఒక ట్రస్టు ఆసుపత్రిలో నువ్వు ఎన్‌ఐసియు (పసికందుల ఐసియు) ఇన్‌ఛార్జి సిస్టర్‌వి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని, జబ్బుపడ్డ పసికందుల్ని ఎలా చూసుకోవాలో మొత్తం రాతలో పెట్టమని మేనేజ్‌మెంట్ నీకు అప్పజెప్పింది. స్టాఫ్‌కి ట్రైనింగ్ కూడా నువ్వే తయారుచేయాలి. గడువు రెండు నెలలు. "జాతీయ మార్గదర్శకాలు ఉన్నాయి కదా అక్కా, వాటినే మన లెటర్‌హెడ్ మీద వేసుకుంటే సరిపోదా? ట్రైనింగ్ రెండు రోజులు చాలదా?" అని అడిగావు.

సరిపోదు, చాలదు. అయినా నువ్వు భయపడుతున్నంత పని కూడా కాదు.

నాది అనంతపురం వైపు. ఇరవై ఆరేళ్ళుగా ఈ బెంగళూరులోనే పసిపిల్లల వార్డుల్లో ఉన్నాను. చివరి పదేళ్ళు వేరే ఆసుపత్రుల నర్సులకు నేర్పించడమే నా పని. అంతకుముందు ఒకచోట, పేరు వద్దులే, నేనూ నీలాగే ప్రోటోకాల్ రాశాను. నూట పది పేజీలు, స్పైరల్ బైండింగు, పైన బిడ్డ బొమ్మ. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళు మెచ్చుకున్నారు. ఆ తర్వాత దాన్ని అల్మరాలో పెట్టి తాళం వేశాం. తాళం చెవి నా హ్యాండ్‌బ్యాగులో.

ఒక రాత్రి రెండు గంటలకు కేజీ మూడువందల గ్రాముల బిడ్డకు జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ సూది ఇవ్వాల్సి వచ్చింది. కొత్తగా చేరిన సిస్టర్ డ్యూటీలో ఉంది. కేజీకి 5 మిల్లీగ్రాముల లెక్కన ఆరున్నర మిల్లీగ్రాములు అని సరిగానే లెక్క కట్టింది. ఎప్పుడూ వాడే చిన్న వయల్ (మందు సీసా) స్టాక్ అయిపోయి, ఆ రోజు పెద్దవాళ్ళది వచ్చింది. 2 మిల్లీలీటర్లలో 80 మిల్లీగ్రాములు ఉండేది. చిన్నదానిలో మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములైతే, దీనిలో 40. ఆ అమ్మాయి అలవాటుగా 0.65 మిల్లీలీటర్లు తీసింది. అంటే నాలుగు రెట్లు. పక్క వార్మర్ (బిడ్డను వెచ్చగా ఉంచే బల్ల) దగ్గరున్న సీనియర్ సిస్టర్ వయల్ చూసి ఆపింది కాబట్టి బిడ్డకు ఎక్కలేదు. నేను రాసిన పుస్తకంలో 71వ పేజీలో ఉన్నది ఒక్కటే వాక్యం: జెంటామైసిన్, కేజీకి ఇన్ని మిల్లీగ్రాములు. వయల్ గురించి ఒక్క ముక్క లేదు. పుస్తకమేమో అల్మరాలో, నేనేమో ఇంట్లో నిద్రలో.

మర్నాడు ఆ 71వ పేజీ చింపేసి ఒక అట్ట తయారుచేశాను. మొదటి గీతలో "80 మిల్లీగ్రాముల వయల్ అయితే: ఒక మిల్లీలీటరు తీసి, మూడు మిల్లీలీటర్ల సెలైన్ కలుపు. ఇప్పుడు మిల్లీలీటరుకు 10" అని రాశాను. కింద బిడ్డ బరువులు, ఎదురుగా సిరంజిలో ఎంత తీయాలో. వంద గ్రాములకో వరస. మందులు కలిపే బల్ల పైన గోడకు అతికించాను. నూట పది పేజీల్లోనూ నిజంగా పనిచేసింది ఆ అట్ట ఒక్కటే. నువ్వు రాసే ప్రతి పేజీనీ దానితో పోల్చి చూసుకో. రాత్రి రెండు గంటలకు, ఇద్దరు సిస్టర్లు పది మంది పిల్లలతో ఉన్నప్పుడు, ఈ వాక్యం చదివి చేతులతో ఏం చేయాలో తెలుస్తుందా లేదా?

ఇక జాతీయ మార్గదర్శకాల సంగతి. మన దేశంలో పసికందుల కేర్ మూడు మెట్లుగా ఉంది. కాన్పు జరిగే ప్రతిచోటా ఒక న్యూబార్న్ కేర్ కార్నర్, దానిపైన స్టెబిలైజేషన్ యూనిట్, జిల్లా ఆసుపత్రి స్థాయిలో ఎస్‌ఎన్‌సియు, అంటే జబ్బుపడ్డ పసికందుల ప్రత్యేక యూనిట్. జిల్లా స్థాయిలో మొదటి ఎస్‌ఎన్‌సియు 2003లో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియాలో పెట్టారు. అది నడిచింది కాబట్టే 2011లో కేంద్రం దేశం మొత్తానికీ నిర్వహణ మార్గదర్శకాలు రాసింది. ముందు ఒకచోట పని జరిగింది, పుస్తకం తర్వాత వచ్చింది. ఈ వరస గుర్తుపెట్టుకో. 2014లో ఇండియా న్యూబార్న్ యాక్షన్ ప్లాన్ వచ్చింది. 2030కల్లా నవజాత శిశు మరణాలను వెయ్యికి పది లోపుకి తేవాలని దాని లక్ష్యం. 2020 లెక్కల్లో దేశానికి అది 20. ఇవన్నీ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, పసికందుల డాక్టర్ల సంఘం నేషనల్ నియోనాటాలజీ ఫోరం వాళ్ళవి కూడా. దించుకో. వాటిని తిరిగి రాయాల్సిన పని లేదు.

మరి కాపీ ఎందుకు చేయకూడదంటే, ఒక సిఫార్సు దానికి కావాల్సిన పరిస్థితులు వెంట ఉంటేనే మంచిది. దీనికి నేను ఎక్కడికెళ్ళినా చెప్పే ఉదాహరణ మన బెళగావి సంగతి. నెలలు నిండకముందే నొప్పులొస్తే తల్లికి డెక్సామెథసోన్ ఇస్తాం కదా, 6 మిల్లీగ్రాములు, 12 గంటలకోసారి, నాలుగు డోసులు. బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా ఎదగడానికి. పెద్ద ఆసుపత్రుల్లో దశాబ్దాలుగా ప్రాణాలు కాపాడుతున్న మందు. సరే, ఊళ్ళల్లో కూడా అందరికీ ఇచ్చేద్దామని ఆరు దేశాల్లో పెద్ద అధ్యయనం చేశారు. మన దేశం నుంచి బెళగావి, నాగపూర్ ఉన్నాయి. 2015లో ఫలితాలు అచ్చయ్యాయి. తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు మేలు జరగలేదు సరికదా, మొత్తం మీద నవజాత మరణాలు వెయ్యికి మూడున్నర ఎక్కువయ్యాయి. ఎన్ని వారాలో సరిగ్గా తెలియకుండానే ఇవ్వడం, నిజంగా నెలలు తక్కువ కాని తల్లులకూ సూది పడటం, పుట్టిన తర్వాత చూసే ఏర్పాటు లేకపోవడం లాంటి కారణాలు అనుకున్నారు. తర్వాత 2020లో మన దేశంతో సహా ఐదు దేశాల ఆసుపత్రుల్లో, స్కానింగ్‌తో వారాలు ఖాయం చేసుకుని, అదే మందు ఇచ్చి చూస్తే నవజాత మరణాలు 23.5 శాతం నుంచి 19.6కి తగ్గాయి. మందు అదే, డోసు అదే. అందుకే ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ సిఫార్సుకు షరతులు కట్టింది. వారాలు తెలియాలి, తల్లికి ఇన్‌ఫెక్షన్ ఉండకూడదు, కాన్పుకీ బిడ్డకీ సరైన కేర్ ఉండాలి. నువ్వు కాపీ కొట్టేటప్పుడు మొదట జారిపోయేవి ఈ షరతులే.

కంటి పరీక్ష కూడా ఇలాంటిదే. అమెరికా పుస్తకం చూసి కేజిన్నర లోపు పిల్లలకే ఆర్‌ఓపి (నెలలు నిండని పిల్లల కంటి రెటీనాకు వచ్చే జబ్బు) పరీక్ష అని రాసుకున్న ఆసుపత్రుల్ని చూశాను. మన దగ్గర 2 కేజీల లోపు, లేదా 34 వారాల లోపు పుట్టిన ప్రతి బిడ్డకూ నెల నిండేలోపు రెటీనా చూడాలి. మరీ చిన్న పిల్లలకైతే రెండు మూడు వారాలకే. ఈ తేడాకి కారణం ఆక్సిజన్. గాలీ ఆక్సిజనూ కలిపే బ్లెండర్ లేకుండా సిలిండర్ నుంచి నేరుగా నూరు శాతం ఆక్సిజన్ పోతే, కాస్త పెద్ద పిల్లలకు కూడా కళ్ళు దెబ్బతింటాయి. ఈ ఊళ్ళోనే నారాయణ నేత్రాలయ వాళ్ళు 2008లో కిడ్‌రాప్ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. శిక్షణ పొందిన టెక్నీషియన్లు కెమెరా పట్టుకుని జిల్లాలకు పోయి పిల్లల రెటీనా ఫొటోలు తీస్తారు, ఇక్కడ కూర్చున్న నిపుణులు చూసి చెప్తారు. కర్ణాటకలో మారుమూల జిల్లాల పిల్లలకు చూపు దక్కిందంటే అందులో ఆ టెక్నీషియన్ల చలవ చాలా ఉంది. డాక్టరు కానివాళ్ళకు సరిగ్గా నేర్పితే ఎంత పని జరుగుతుందో ఎవరైనా అడిగితే దాన్నే చూపిస్తాను.

కాబట్టి నీ ప్రోటోకాల్‌లో "ఆక్సిజన్ శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 90 నుంచి 95 మధ్య ఉంచాలి" అని రాసి వదిలేయకు. మానిటర్ దగ్గరికెళ్ళి నిలబడు. పైన అలారం ఎంతకు పెట్టి ఉంది? నేను పోయిన చోట్లలో సగానికి సగం 100కే ఉంటుంది. అంటే పైకి పోతే అది మోగనే మోగదు. 99 కనపడితే స్టాఫ్ "బిడ్డ బాగుంది" అనుకుంటారు. మామూలు గాలి మీదున్న బిడ్డకు 99 వస్తే సంతోషమే. ఆక్సిజన్ పెట్టిన బిడ్డకు 99 వస్తే తగ్గించమని అర్థం. ఈ రెండు వాక్యాలూ రాయి. తగ్గించే అధికారం డాక్టరు వచ్చేదాకా ఆగకుండా డ్యూటీ సిస్టర్‌కే ఉందని కూడా రాయి. మీ కన్సల్టెంట్లు కొంచెం గొణుగుతారు. గొణగనీ, సంతకం మాత్రం పెట్టించుకో. నర్సుకు అధికారం ఇవ్వని ప్రోటోకాల్ నర్సు మీద నింద వేయడానికే పనికొస్తుంది.

వెచ్చదనం గురించి ఎంత చెప్పినా తక్కువే. లేబర్ రూమ్ 25 డిగ్రీలకు తగ్గకూడదని అన్ని పుస్తకాల్లోనూ ఉంది. గౌన్లు, గ్లవ్సులు వేసుకున్న డాక్టర్లకు ఉక్క, అందుకని ఏసీ పద్దెనిమిదికి పోతుంది. డిసెంబరులో బెంగళూరు రాత్రులు వేరే చెప్పాలా? తడిసిన కేజిన్నర బిడ్డ అక్కడ రెండు నిమిషాలుంటే చాలు. ఒక ఆసుపత్రిలో ఎన్‌ఐసియుకి వచ్చే పిల్లలు వరసగా 35 డిగ్రీల చిల్లర ఒంటి వేడితో వస్తుంటే, ఎక్కడ చల్లబడుతున్నారో చూద్దామని నేను బిడ్డతో పాటు నడిచాను. లేబర్ రూమ్ మూడో అంతస్తు, ఎన్‌ఐసియు ఐదు. లిఫ్టు ముందు ఆరు నిమిషాలు నిలబడ్డాం, బిడ్డ ఒక్క టవల్లో. అక్కడ పరిష్కారానికి గైడ్‌లైన్ ఏం అక్కర్లేకపోయింది. లేబర్ రూమ్ నుంచి ఫోన్ రాగానే సెక్యూరిటీ అన్న లిఫ్టు ఆపి పట్టుకోవాలి, అంతే. ఆ సెక్యూరిటీ అన్నకు మేము ఇచ్చిన ట్రైనింగ్ ఐదు నిమిషాలు. ఆ బిడ్డను తాకనిచ్చి, కాళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో చూపించాం. ఆ తర్వాత ఆయన ఎంత పెద్ద డాక్టరొచ్చినా లిఫ్టు వదిలేవాడు కాదు.

కంగారూ మదర్ కేర్ (కేఎంసీ), అంటే బిడ్డను తల్లి ఎదకు ఒంటికి ఒళ్ళు ఆనేలా కట్టి ఉంచడం, నీకు తెలిసిందే కాబట్టి ఎందుకు మంచిదో చెప్పను. ఒక్క సంగతి మాత్రం. ఇదివరకు బిడ్డ కుదుటపడ్డాకే మొదలుపెట్టేవాళ్ళం. ఢిల్లీతో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల ఆసుపత్రుల్లో కేజీ నుంచి కేజీ ఎనిమిదివందల లోపు పిల్లల్ని పుట్టగానే తల్లి ఎద మీద పెడితే ఏమవుతుందో చూశారు. 28 రోజుల్లో మరణాలు 15.7 శాతం నుంచి 12కి తగ్గాయి. 2021లో ఫలితాలొచ్చాయి, 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు మార్చింది. వినడానికి సులువే. అయితే ఆ పిల్లలు రోజుకు దాదాపు 17 గంటలు ఎద మీద ఉన్నారు. అన్ని గంటలు ఉండాలంటే తల్లికి ఎన్‌ఐసియులోనే మంచం కావాలి, ఆమెకు భోజనం అక్కడికే రావాలి, బాత్రూమ్ దగ్గర్లో ఉండాలి, సిజేరియన్ తల్లి కుట్లను గైనిక్ వాళ్ళు అక్కడికే వచ్చి చూడాలి. ప్లాస్టిక్ కుర్చీ వేసి "కేఎంసీ అమలు చేస్తున్నాం" అంటే ఆమె గంటకు లేస్తుంది, తప్పు ఆమెది కాదు. నీ మేనేజ్‌మెంట్‌కి ముందు మంచాల లెక్క పంపు, ప్రోటోకాల్ తర్వాత. మంచాలు రాకపోతే తల్లికి వాలు కుర్చీ, రాత్రికి నాన్ననో అమ్మమ్మనో పిలిచి వంతులు వేయి. రోజుకు కనీసం 8 గంటలన్నా కూడాలి.

ఇక్కడ మన భాష గొడవ ఒకటుంది. నీ వార్డుకు హిందూపురం, మదనపల్లె, చిత్తూరు, కోలారు వైపు నుంచి వచ్చే తల్లులు సగం మంది తెలుగే మాట్లాడతారు. కన్నడంలో ఉన్న పోస్టరు చూపించి "కంగారూ కేర్ చేయాలమ్మా" అంటే వాళ్ళకు వినపడేది "కంగారు". హిందూపురం అమ్మాయి ఒకామె కళ్ళనీళ్ళు పెట్టుకుని "అంత కంగారు పడాల్సింది ఏమైంది సిస్టర్ నా బిడ్డకి?" అనింది. ఆ రోజు నుంచి తెలుగు తల్లులతో నేను ఆ మాట వాడను. "బిడ్డను ఎదకు హత్తుకుని కట్టుకోవాలి, పొట్టలో ఉన్నప్పటి వెచ్చదనం ఇంకా కావాలి దానికి" అంటాను. అప్పుడు పక్కనున్న అత్తగారికి కూడా అర్థమవుతుంది. బాలింత అలా కూర్చుంటే నడుం పట్టేస్తుందనో, కుట్లు చెడతాయనో ఆవిడకు భయం ఉంటే తీర్చాల్సింది కూడా అప్పుడే.

పాలు పట్టే గిన్నెదీ అంతే. పుస్తకాల్లో "పాలాడై" అని తమిళ మాట ఉంటుంది, కన్నడం వాళ్ళు ఒళలె అంటారు, మనకు అది ఉగ్గుగిన్నె. అమ్మమ్మలకు చేయి తిరిగిన వస్తువు. అదే ఇబ్బంది. వాళ్ళకు తెలిసిన పద్ధతి బిడ్డను పడుకోబెట్టి గడగడా పోయడం. మన పిల్లలు 32, 33 వారాల వాళ్ళు, పోస్తే ఊపిరితిత్తుల్లోకే పోతాయి. బిడ్డను కాస్త నిటారుగా పట్టుకుని, గిన్నె ముక్కు కింది పెదవి మీద ఆనించి, నాలుకతో తనే అందుకునేదాకా ఆగాలి. పోయకూడదు, అందించాలి. ఈ తేడా మాటల్లో చెప్తే రాదు. అమ్మమ్మ చేయి పట్టుకుని, నా చేయి పైన పెట్టి, మూడు పూటలు చేయిస్తే వస్తుంది.

ఇక ట్రైనింగ్. నీ రెండు రోజుల లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. నవజాత్ శిశు సురక్ష కార్యక్రమ్ 2009లో మొదలైంది, అది రెండు రోజులే. కానీ అది కాన్పు దగ్గరుండేవాళ్ళకు, బిడ్డ ఏడవకపోతే మొదటి నిమిషంలో ఏం చేయాలో నేర్పడానికి. ఎస్‌ఎన్‌సియులో పనిచేసేవాళ్ళకు కేంద్రం పెట్టిన శిక్షణ నాలుగు రోజుల తరగతి, ఆపైన రెండు వారాలు ఒక మంచి యూనిట్‌లో నిలబడి చూడటం. ఆ రెండు వారాలే అసలు చదువు. డబ్బులు లేవని అందరూ మొదట కోసేసేదీ వాటినే. నీ దగ్గర అందర్నీ పంపడం కుదరదు కాబట్టి ఇద్దర్ని పంపు, కబుర్లు బాగా చెప్పేవాళ్ళను కాకుండా చేతులు నెమ్మదిగా, శుభ్రంగా ఉండేవాళ్ళను. తిరిగొచ్చాక వాళ్ళను రెండేళ్ళ దాకా వేరే వార్డుకు మార్చకూడదని నర్సింగ్ సూపరింటెండెంట్ చేత రాయించుకో. ఇది లేకుండా పంపితే ఆరు నెలల్లో నీ ట్రైనింగ్ మొత్తం ఆర్థో వార్డులో ఉంటుంది. నాకు రెండుసార్లు జరిగింది.

మిగతావాళ్ళకు పవర్‌పాయింట్ వద్దు. డ్యూటీ మారే టైమ్‌లో పది నిమిషాలు, వారానికి రెండుసార్లు, ఒక్కటే పని. ఒకరోజు బిడ్డకు ఊపిరి అందించే బ్యాగూ మాస్కూ. బొమ్మ మీద మాస్కు సరిగ్గా కూర్చుందా, ఛాతీ లేస్తోందా, నిమిషానికి 40 నుంచి 60 సార్లు అవుతోందా. ఇంకోరోజు సీప్యాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి అందించే మిషను) ముక్కు గొట్టాలు, ముక్కు మధ్య గోడ ఎర్రబడిందేమో చూడటం. ఇంకోరోజు చేతులు కడగడం, గడియారం పెట్టి రెండు నిమిషాలు. మొదటివారం నవ్వుకుంటారు. మూడో నెలకు ఎవరు లేటొచ్చినా "ఈరోజు ఏంది సిస్టర్?" అని వాళ్ళే అడుగుతారు. చేతి పని మూడు నెలలు చేయకపోతే పోతుంది. నాకూ పోయింది. కోవిడ్ టైమ్‌లో ఆఫీసు పనిలో కూర్చుని తిరిగొచ్చాక బొమ్మ మీద నా మాస్కే గాలి వదిలేసింది, నేను నేర్పే సిస్టర్లందరి ముందు.

రెండు నెలల్లో అన్నీ రాయాలని చూడకు. మూడు అట్టలు చాలు: వెచ్చదనం, ఆక్సిజన్, పాలు. మందుల పట్టిక నాలుగోది, కానీ దాన్ని మీ ఫార్మసీ వాళ్ళను కూర్చోబెట్టుకుని రాయి. ఏ వయల్ వస్తుందో వాళ్ళకే తెలుస్తుంది. ప్రతి అట్టనూ ముందు మీ వార్డులో అందరికన్నా కొత్త సిస్టర్ చేత చదివించు. ఎక్కడ ఆగిపోయిందో ఆ వాక్యం మార్చు. సీప్యాప్, పచ్చకామెర్లు, ఇన్‌ఫెక్షన్ ఇవన్నీ తర్వాతి మూడు నెలల్లో ఒక్కొక్కటి. మేనేజ్‌మెంట్ ఒప్పుకోకపోతే జాతీయ మార్గదర్శకాల ప్రింటవుట్ బైండు చేసి బల్ల మీద పెట్టు, వాళ్ళ గడువు తీరుతుంది.

అన్నిటికన్నా ముందు, ఈ సోమవారం నుంచే, ఎన్‌ఐసియు తలుపు దగ్గర ఒక కాగితం వేలాడదీయి. లోపలికి వచ్చిన ప్రతి బిడ్డకూ రెండే గడులు: వచ్చిన టైము, వచ్చినప్పటి టెంపరేచర్. 36.5 కన్నా తక్కువైతే ఎర్ర పెన్ను. ఎవరి పేరూ రాయొద్దు, ఎవర్నీ తిట్టొద్దు. నెల తర్వాత ఆ ఎర్ర గీతలు ఎన్నో, పగలా రాత్రా, లేబర్ రూమా ఆపరేషన్ థియేటరా అన్నది ఇక్కడ పెట్టు. ఏ అట్ట ముందు రాయాలో అప్పుడు చూద్దాం.